నాక్‌డౌన్ నిజమే, సెల్స్ నెమ్మదించింది మాత్రం జీన్ వల్ల కాదు: ఒక గ్యాప్‌మర్ కేసు

మాడిఫైడ్ ఓలిగోలతో (కెమిస్ట్రీ మార్చిన చిన్న డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ ముక్కలతో) పనిచేసేవాళ్లలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే సమస్యే ఇది. జీన్‌ని ఆపాం (నాక్‌డౌన్ అంటే అదే), సెల్స్‌లో ఏదో మారింది, కాబట్టి ఆ మార్పు ఆ జీన్ వల్లే వచ్చిందని రాసేస్తాం. ఈ కేసులో ఆ "కాబట్టి" మీదే ఒక పరిశోధకురాలి కొన్నేళ్ల పని, ఒక పేపరు, రాబోయే కాంట్రాక్టు ఆధారపడి ఉన్నాయి. ఆమె అనుమతితోనే రాస్తున్నాను. జీన్ పేరు, సెల్ లైన్, సంస్థ, ఏ సంవత్సరం అన్నవి చెప్పను, గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాను కూడా. కెమిస్ట్రీ మాత్రం జరిగింది జరిగినట్టే ఉంటుంది. నేను హైదరాబాద్‌లో ఓలిగోల సింథసిస్, అనాలిసిస్ చేసే ఒక చిన్న గ్రూపుని చూసుకుంటాను. ఆమె నా స్టూడెంట్ కాదు, తెలిసినవాళ్లు చెబితే సలహా కోసం వచ్చింది.

నేపథ్యం

ఆమె బయోకెమిస్ట్. పీహెచ్‌డీ అంతా ఆర్‌ఎన్‌ఏని కోసే ఎంజైముల కైనెటిక్స్ మీద. ఎంజైమ్ ఎక్కడ కోస్తుంది, ఎంత వేగంగా కోస్తుంది, ఏం మారిస్తే ఆగిపోతుంది, ఈ ప్రశ్నలు ఆమెకి కొట్టిన పిండి. విదేశంలో పోస్ట్‌డాక్ చేసి, ఇంటి పరిస్థితుల వల్ల తిరిగొచ్చి, ఇక్కడ ఒక ప్రాజెక్టులో కాంట్రాక్టు మీద చేరింది. తార్నాక, హబ్సిగూడ వైపు అద్దె ఇళ్లలో ఉంటూ ప్రాజెక్టు గడువు ఇంకా ఎన్ని నెలలుందో వేళ్ల మీద లెక్కపెట్టుకునే డాక్టరేట్లు ఈ ఊళ్లో ఎందరో ఉన్నారు, వాళ్లలో ఆమె ఒకరు.

యాంటీసెన్స్‌లోకి, అంటే జీన్ నుంచి వచ్చే ఆర్‌ఎన్‌ఏకి అతుక్కునే ఓలిగోతో ఆ జీన్‌ని ఆపే పనిలోకి, రావడానికి ఆమెకి మంచి కారణమే ఉంది. 1978లో జమెక్నిక్, స్టీఫెన్సన్ ఇద్దరూ పదమూడు బేసుల చిన్న డీఎన్‌ఏ ముక్కతో రౌస్ సార్కోమా వైరస్ పెరగకుండా అడ్డుకోవచ్చని చూపించారు. ఆలోచన బాగుంది గానీ మామూలు డీఎన్‌ఏ ముక్క సెల్‌లో నిలవదు, న్యూక్లియేజులు తినేస్తాయి. అందుకే ఫాస్ఫేట్‌లో ఒక ఆక్సిజన్ తీసేసి సల్ఫర్ పెడతాం, అదే ఫాస్ఫోరోథయోయేట్. 1960లలో ఎక్‌స్టైన్ మొదలుపెట్టిన ఈ కెమిస్ట్రీ మీదే 1998లో అనుమతి పొందిన మొదటి యాంటీసెన్స్ మందు ఫోమివిర్సెన్ నిలబడింది. 1990ల చివర్లో జపాన్‌లో ఇమానిషి గ్రూపు, డెన్మార్క్‌లో వెంగెల్ గ్రూపు విడివిడిగా ఎల్‌ఎన్‌ఏ (లాక్డ్ న్యూక్లియిక్ యాసిడ్) తెచ్చాయి. షుగర్‌లో రెండో స్థానంలోని ఆక్సిజన్‌ని నాలుగో కార్బన్‌కి కట్టేస్తే ఆ రింగు అటూ ఇటూ కదలకుండా బిగుసుకుపోతుంది, దాంతో ఎదుటి ఆర్‌ఎన్‌ఏకి చాలా గట్టిగా అతుక్కుంటుంది.

అయితే గట్టిగా అతుక్కుంటే చాలదు. ఆర్‌ఎన్‌ఏని కోసేది మన ఓలిగో కాదు, సెల్‌లో ఉండే ఆర్‌నేజ్ హెచ్1. డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ జతకట్టిన చోటే అది కోస్తుంది, ఓలిగో నిండా ఎల్‌ఎన్‌ఏ ఉంటే ముట్టుకోదు. అందుకని రెండు చివర్లా ఎల్‌ఎన్‌ఏ పెట్టి, మధ్యలో డీఎన్‌ఏని ఖాళీగా వదిలేస్తాం. దాన్నే గ్యాప్‌మర్ అంటాం. ఆమెది పదహారు బేసులది: మూడు ఎల్‌ఎన్‌ఏ, పది డీఎన్‌ఏ, మళ్లీ మూడు ఎల్‌ఎన్‌ఏ, మొత్తం పదిహేను లింకులూ సల్ఫర్‌వే. ఒక ఎంజైమాలజిస్ట్‌కి ఇంతకంటే నచ్చే డిజైన్ ఉండదు, ఎందుకంటే పని చేసేది తనకి బాగా తెలిసిన ఎంజైమే.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, తర్వాత పనికొస్తుంది. సల్ఫర్ పెట్టిన ప్రతి ఫాస్ఫరస్ కుడి, ఎడమ అన్నట్టు రెండు రూపాల్లో ఉంటుంది. పదిహేను లింకులంటే 32,768 రూపాలు. సీసా మీద ఒకే పేరు, ఒకే సీక్వెన్స్ రాసి ఉన్నా లోపల ఉన్నది ఒక గుంపు. ఇది తప్పేం కాదు, ఈ తరహా మందులు చాలావరకు ఇలాగే ఉంటాయి. కానీ "నా మాలిక్యూల్" అనే మాట వాడేటప్పుడు ఈ లెక్క గుర్తుంటే మంచిది.

సమస్య ఏ రూపంలో వచ్చింది

మొదటి బ్యాచ్‌తో అంతా చక్కగా జరిగింది. టార్గెట్ మెసేజ్ (ఆ జీన్ నుంచి వచ్చే ఎంఆర్‌ఎన్‌ఏ) బాగా పడిపోయింది, సెల్స్ పెరగడం నెమ్మదించింది. కంట్రోల్‌గా వాడిన స్క్రాంబుల్ సీక్వెన్స్‌తో (బేసుల వరస కలిపేసి, ఆ జీన్‌కి అతుక్కోకుండా చేసినదాంతో) ఏమీ కాలేదు. పేపర్ రాసి పంపారు. రివ్యూయర్లు మూడు అడిగారు: అదే జీన్ మీద ఇంకో సీక్వెన్స్‌తో చూపించండి, స్క్రాంబుల్‌ని కూడా అదే కెమిస్ట్రీలో చేయించండి, జీన్‌ని తిరిగి ఇస్తే సెల్స్ మళ్లీ పెరుగుతాయా చూడండి. మూడూ న్యాయమైన ప్రశ్నలే.

అక్కడినుంచి మొదలైంది టెన్షన్. కొత్తగా తెప్పించిన ఒరిజినల్ గ్యాప్‌మర్‌తో నాక్‌డౌన్ సరిగ్గా రావడం లేదు, సెల్స్ మాత్రం ఇంతకుముందులాగే నెమ్మదిస్తున్నాయి. రెండో సీక్వెన్స్ జీన్‌ని బ్రహ్మాండంగా ఆపుతోంది, కానీ సెల్స్ హాయిగా పెరుగుతున్నాయి. ఎల్‌ఎన్‌ఏ పెట్టి చేయించిన స్క్రాంబుల్ జీన్‌ని ముట్టుకోదు, కానీ సెల్స్‌ని నెమ్మదింపజేస్తోంది. అంటే ఏది జరగాలనుకున్నారో దానికి అన్నీ అడ్డంగా వస్తున్నాయి.

నా దగ్గరికి వచ్చేసరికి ఆమె అడిగిన ప్రశ్న ఓలిగో గురించి కాదు. "సార్, నేను ఈ ఫీల్డ్ వదిలేసి మళ్లీ ప్రొటీన్ పనికి వెళ్లిపోవాలా?" అని.

అప్పటికే ఏమేం చేశారు

ట్రాన్స్‌ఫెక్షన్ రియేజెంట్ మార్చారు. ఫ్రీజర్‌లోంచి పాత పాసేజ్ సెల్స్ తీసి పెంచారు. ప్రైమర్లు మార్చారు. అవేవీ పనిచేయకపోయేసరికి డోస్ పెంచుకుంటూ పోయారు. మొదటి మూడింటికీ నేను అడ్డు చెప్పను, ఎవరైనా అవే చేస్తారు. డోస్ పెంచడం దగ్గర మాత్రం నా అభిప్రాయం గట్టిగానే చెప్పాను. ఫాస్ఫోరోథయోయేట్‌కి ప్రొటీన్లంటే మహా ఇష్టం, సల్ఫర్ వల్లే అది సెల్ ఉపరితలానికి, లోపలి ప్రొటీన్లకి అతుక్కుంటుంది, ఆ గుణమే దాన్ని మందుగా పనికొచ్చేలా చేసింది. డోస్ పెంచితే టార్గెట్ మీద ప్రభావం ఒక హద్దు దాటాక పెరగదు, ఈ అంటుకోవడం మాత్రం పెరుగుతూనే పోతుంది. ఏది జీన్ వల్ల, ఏది సల్ఫర్ వల్ల అన్నది విడదీయాల్సిన సమయంలో డోస్ పెంచితే రెండూ ఇంకా కలగాపులగం అయిపోతాయి.

ల్యాబ్‌లో వాళ్లు ఇంకో పని కూడా చేశారు: రెండో సీక్వెన్స్ "పనిచేయలేదు" అని పక్కన పెట్టేశారు. నోట్‌బుక్‌లో ఆ పేజీ చూపించింది. నాక్‌డౌన్ బార్ నేలకి ఆనుకుని ఉంది, గ్రోత్ బార్ కంట్రోల్‌తో సమానంగా ఉంది, పక్కనే ఎర్ర పెన్నుతో ఇంటూ మార్కు. ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగాం. జీన్‌ని ఆపడమే కదా దాని పని, అది చేసింది. మనం ఆశించిన ఫలితం రాలేదని దాన్ని విఫలమైందనడం ఎలా కుదురుతుంది?

ముందు సీసా, తర్వాత సెల్స్

ఇక్కడ రెండు విడి ప్రశ్నలున్నాయని ముందే ఒప్పందానికొచ్చాం. కొత్త బ్యాచ్ ఎందుకు బలహీనంగా ఉంది? గ్రోత్ తగ్గడానికి కారణం జీనా, ఓలిగోనా? రెండూ కలిపి ఆలోచిస్తే ఏదీ తేలదు. మొదటిదానికి సెల్స్‌తో అసలు పని లేదు, కాబట్టి దాన్నుంచే మొదలుపెట్టాం.

అన్నిటికంటే చవకైన అనుమానం: డోసు లెక్క సరిగ్గా ఉందా? 260 నానోమీటర్ల దగ్గర కాంతిని ఎంత పీల్చుకుంటుందో చూసి గాఢత లెక్కగడతాం, కానీ శాంపిల్‌లో వేరే చెత్త ఉంటే ఆ లెక్క మోసం చేయొచ్చు. అందుకని ఫాస్ఫరస్‌ని నేరుగా కొలిచాం. ఓలిగోని యాసిడ్‌లో పూర్తిగా కాల్చి, బయటికొచ్చిన ఫాస్ఫేట్‌ని మాలిబ్డేట్‌తో నీలం రంగు తెప్పించి కొలిచే పద్ధతి. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు 1925లో ఫిస్కేతో కలిసి ప్రచురించినది ఇదే. వందేళ్ల కిందటి పద్ధతి అని చిన్నచూపు చూసేవాళ్లుంటారు గానీ, పదహారు బేసుల ఓలిగోలో పదిహేను ఫాస్ఫరస్‌లు ఉండాలి అన్న లెక్క ఏ మాడిఫికేషన్ పెట్టినా మారదు. గాఢత సరిగ్గానే ఉందని తేలింది. అలాగే ప్యూరిఫికేషన్‌లో మిగిలిన ట్రైఇథైల్‌అమోనియం లవణం సెల్స్‌ని ఇబ్బంది పెడుతోందేమోనని సోడియం రూపంలోకి మార్చి మళ్లీ చూశాం. తేడా లేదు. ఈ రెండూ చవకైన పరీక్షలు, అందుకే ముందు చేశాం.

తర్వాత మాస్ స్పెక్ట్రమ్. సప్లయర్ ఇచ్చిన కాగితంలో ఒకే ఒక్క మాస్ అంకె ఉంది, స్పెక్ట్రమ్ లేదు. మేం తీస్తే అసలు పీక్‌కి ఎడమ వైపు 16, 32 డాల్టన్ల తేడాతో మెట్లు మెట్లుగా పీకులు. సల్ఫర్‌కి ఆక్సిజన్‌కి మధ్య తేడా 16. అంటే కొన్ని లింకుల్లో సల్ఫర్ ఎక్కలేదు, ఆక్సిజనే ఉండిపోయింది. కుడి వైపు 53 ఎక్కువతో ఇంకో పీక్, దానికి ఇంకో చిన్న తోక. ఈ 53 చూడగానే ఓలిగో కెమిస్టులకి అర్థమైపోతుంది. సింథసిస్‌లో ఫాస్ఫేట్‌ని కాపాడే సయనోఇథైల్ గ్రూపు చివర్లో అమోనియాతో ఊడిపోతుంది, ఊడి అక్రిలోనైట్రైల్ అవుతుంది. దాన్ని ముందే కడిగెయ్యకపోతే అది పోయి థైమిన్ మూడో నైట్రోజన్‌కి అంటుకుంటుంది. ఆ నైట్రోజనే అడినిన్‌తో జతకట్టేది. అక్కడ 53 డాల్టన్ల ముద్ద కూర్చుంటే ఆ బేస్ ఇక జత కట్టలేదు. అమోనియా పోసే ముందు కాలమ్‌ని డైఇథైల్‌అమీన్ కలిపిన అసిటోనైట్రైల్‌తో కడిగితే ఈ గొడవే ఉండదు. చిన్న స్టెప్, తొందరలో వదిలేస్తారు.

ఇంతా కలిపి అసలు ఉండాల్సిన మాలిక్యూల్ సీసాలో సగం కూడా లేదు. అయినా నాకొక అనుమానం మిగిలింది. సగం తగ్గితే నాక్‌డౌన్ సగం తగ్గాలి గానీ దాదాపు పోవడమేంటి? అప్పుడు డోస్ కర్వ్ గీయించాను. ఇన్నాళ్లూ ఆమె ఒకే డోస్‌లో కొలుస్తోంది, ఆ డోస్ సరిగ్గా కర్వ్ నిట్టనిలువుగా దిగే చోట ఉంది. అక్కడ బలం కాస్త తగ్గినా ఫలితం పాతాళానికి పోయినట్టు కనిపిస్తుంది. పూర్తి కర్వ్ చూస్తే రెండు బ్యాచ్‌ల మధ్య తేడా మనం లెక్కగట్టినంతే ఉంది. అంతుచిక్కనిదేదీ లేదు. నాకు ఈ అడుగు చాలా ముఖ్యమనిపిస్తుంది, ఎందుకంటే సీసాలో ఒక లోపం దొరకగానే "ఇదే కారణం" అని ఆగిపోతాం. ఆ లోపం అంత ప్రభావం చూపించగలదా అని కొలతతో సరిపోల్చాకే నమ్మాలి.

మరి సప్లయర్ ఎందుకు మారాడు? ఎల్1 వల్ల. కొనుగోలు విభాగం అతి తక్కువ కొటేషన్ ఇచ్చినవాడికే ఆర్డర్ ఇస్తుంది, ఇండెంట్‌లో (కొనుగోలుకి మనం పెట్టే కాగితంలో) "16-మర్ ఎల్‌ఎన్‌ఏ గ్యాప్‌మర్, డీసాల్టెడ్" అని మాత్రమే ఉంది, అంటే లవణాలు తీసేస్తే చాలు, ఇంకే శుద్ధీ అడగలేదు. రాసింది రాసినట్టే వచ్చింది. పర్చేజ్ వాళ్లని నేను తప్పుపట్టను, స్పెసిఫికేషన్ రాయాల్సింది సైంటిస్టే.

మేం కొత్తగా చేసిన సింథసిస్

సరైన మాలిక్యూల్ చేతిలో లేకుండా రెండో ప్రశ్నకి వెళ్లలేం. కాబట్టి మా దగ్గరే చేశాం. అది ముసురు పట్టిన జూలై. ఫాస్ఫోరమిడైట్లకి (ఒక్కో బేస్‌ని చేర్చడానికి వాడే ముడిసరుకు, క్లుప్తంగా అమిడైట్లు) తేమ పడదు, అసిటోనైట్రైల్‌లో కాసిన్ని నీళ్లున్నా కప్లింగ్, అంటే బేస్ వచ్చి చేరడం, దెబ్బతింటుంది. సింథసిస్ 3' చివర నుంచి 5' వైపు నడుస్తుంది, ప్రతి బేస్ చేరే ముందు ట్రైటిల్ గ్రూపు ఊడి నారింజ రంగులో బయటికొస్తుంది. ఆ ట్యూబులని స్టాండ్‌లో వరసగా పెట్టుకుని చూస్తూ కూర్చున్నాం. మొదటి ఎల్‌ఎన్‌ఏలు, మధ్యలో డీఎన్‌ఏ అంతా ఒకే చిక్కదనం, పండిన నారింజ తొక్క రంగు. చివరి ఎల్‌ఎన్‌ఏల దగ్గరికి వచ్చేసరికి రంగు పలచబడింది, ఆ తర్వాతి ట్యూబు ఇంకా పలచన. ఎల్‌ఎన్‌ఏ అమిడైట్ ఎలాగూ డీఎన్‌ఏ కంటే నెమ్మదిగా కలుస్తుంది, గంటల తరబడి మెషీన్ మీద ఉన్న సీసాలోకి తేమ చేరితే ఇక చెప్పక్కర్లేదు.

అక్కడితో ఆపేశాం. పూర్తి చేసి ప్యూరిఫై చేసుకోవచ్చు కదా అని ఆమె అడిగింది. లెక్క చూపించాను: పదిహేను కప్లింగులు ఒక్కొక్కటి 99 శాతం జరిగితే చివరికి 86 శాతం పూర్తి పొడవు ఉంటుంది, 97 శాతం జరిగితే 63కి పడిపోతుంది. ఒకటి రెండు బేసులు తక్కువైన ముక్కలు పూర్తి ముక్కతో పాటే కాలమ్‌లోంచి వస్తాయి, పూర్తిగా విడదీయడం కష్టం. ఏ బ్యాచ్ మీదైతే కెరీర్ నిర్ణయం తీసుకోబోతున్నామో దాంట్లో సందేహం ఉండకూడదు. కొత్త అమిడైట్ తెప్పించాం (షంషాబాద్‌లో కస్టమ్స్ దాటి రావడానికి పట్టే టైమ్ అందరికీ తెలిసిందే), సాల్వెంట్‌లో మాలిక్యులర్ సీవ్స్ వేశాం, నీటి శాతం కొలిచాకే మొదలుపెట్టాం, ఎల్‌ఎన్‌ఏలకి కప్లింగ్ సమయం, సల్ఫర్ ఎక్కించే సమయం రెండూ పెంచాం, అమోనియాకి ముందు అమీన్ వాష్ ఇచ్చాం. ఈసారి మాస్‌లో ఒకటే పీక్, పక్కన చెప్పుకోదగ్గవి లేవు.

నాక్‌డౌన్ తిరిగొచ్చింది. మొదటి బ్యాచ్ అంత బలంగా. ఆ రోజు ల్యాబ్‌లో అందరి మొహాలూ వెలిగాయి. కానీ రెండో ప్రశ్న అలాగే ఉంది.

గ్రోత్ తగ్గడానికి కారణం ఎవరు

మొదటి స్క్రాంబుల్ ఎందుకు శుభ్రంగా కనిపించింది? పాత ఇండెంట్ తీసి చూస్తే అది మామూలు ఫాస్ఫోరోథయోయేట్ డీఎన్‌ఏ, ఎల్‌ఎన్‌ఏ లేదు. ఎల్‌ఎన్‌ఏ ఖరీదు, కంట్రోల్‌కి ఎందుకు దండగ అనుకున్నారు. అంటే కంట్రోల్‌కి, అసలుకి మధ్య తేడా సీక్వెన్స్‌లోనే కాదు, కెమిస్ట్రీలోనూ ఉంది. రివ్యూయర్ అడిగాక ఎల్‌ఎన్‌ఏ పెట్టి చేయిస్తే అదే సెల్స్‌ని నెమ్మదింపజేసింది. ఇంతకంటే స్పష్టంగా ఏ కంట్రోలూ మాట్లాడదు.

నా ఆలోచన ఇలా సాగింది. ఎల్‌ఎన్‌ఏ గ్యాప్‌మర్లలో కొన్ని సీక్వెన్సులు టార్గెట్‌తో సంబంధం లేకుండానే సెల్స్‌కి హాని చేస్తాయని ఎప్పటినుంచో తెలుసు. 2019లో అయోనిస్ అనే మందుల కంపెనీలోని క్రూక్ గ్రూపు వాళ్లు దీని వెనక ఏం జరుగుతుందో చూపించారు: అలాంటి ఓలిగోలు కొన్ని ప్రొటీన్లకి బలంగా అంటుకుని, పీ54ఎన్‌ఆర్‌బీ అనే ప్రొటీన్‌ని దాని చోటు నుంచి న్యూక్లియోలస్‌లోకి (న్యూక్లియస్ లోపల రైబోజోములు తయారయ్యే చోటులోకి) లాక్కొస్తాయి, న్యూక్లియోలస్ దెబ్బతింటుంది. డీఎన్‌ఏ గ్యాప్‌లో రెండో బేస్ షుగర్ మీద ఒక్క 2'-ఓ-మిథైల్ పెడితే ఈ అంటుకోవడం బాగా తగ్గుతుంది, నాక్‌డౌన్ మాత్రం దాదాపు అలాగే ఉంటుంది. మన కేసుకి ఇది అచ్చంగా కావలసిన పనిముట్టు. సీక్వెన్స్ అదే, టార్గెట్ అదే, మారేది ఒక్క మిథైల్ గ్రూపు. జీన్ వల్లే గ్రోత్ తగ్గుతుంటే మిథైల్ పెట్టినా తగ్గాలి. ఓలిగో కెమిస్ట్రీ వల్ల తగ్గుతుంటే గ్రోత్ తిరిగి రావాలి.

మిథైల్ పెట్టిన గ్యాప్‌మర్ జీన్‌ని ఆపింది. సెల్స్ మామూలుగా పెరిగాయి.

మైక్రోస్కోప్ కింద చూపించినప్పుడు ఆమెకి పూర్తిగా నమ్మకం కుదిరింది. మామూలు సెల్స్‌లో పీ54ఎన్‌ఆర్‌బీ ఆకుపచ్చ రంగు న్యూక్లియస్ అంతటా సన్నగా పరుచుకుని, న్యూక్లియోలస్‌ల చోట నల్లటి ఖాళీలు వదిలి ఉంటుంది. ఒరిజినల్ గ్యాప్‌మర్ ఇచ్చిన సెల్స్‌లో సరిగ్గా ఆ ఖాళీల్లోనే ఆకుపచ్చ పోగుపడి ఉంది. ఎల్‌ఎన్‌ఏ స్క్రాంబుల్‌లోనూ అంతే. రెండో సీక్వెన్స్‌లో, మిథైల్ పెట్టినదాంట్లో ఖాళీలు ఖాళీలుగానే ఉన్నాయి.

రివ్యూయర్ అడిగిన రెస్క్యూ కూడా చేశాం. గ్యాప్‌మర్ అతుక్కునే చోటు మెసేజ్‌లో ప్రొటీన్ కోడ్ అయిపోయాక వచ్చే తోకలో ఉంది కాబట్టి, ఆ తోక లేని కాపీని సెల్స్‌కి ఇస్తే దాన్ని గ్యాప్‌మర్ ముట్టుకోలేదు. ప్రొటీన్ తిరిగొచ్చింది, గ్రోత్ రాలేదు. మూడు దారుల్లో వెళ్లినా ఒకే చోటికి చేరాం: ఈ జీన్ ఆగితే ఈ సెల్స్ నెమ్మదించవు. ఎర్ర ఇంటూ పెట్టిన పేజీ మొదటి నుంచీ ఇదే చెబుతోంది.

కెరీర్ సంగతి

ఇక్కడ కాసేపు సైన్స్ కంటే మనిషి ముఖ్యం అయ్యారు. పేపర్ ప్రధాన వాదనే పోయింది. "సార్‌కి ఎలా చెప్పాలి?" అని ఆమె భయం, సార్ అంటే వాళ్ల ప్రాజెక్టు హెడ్. ఒకటే బొమ్మ గీసి తీసుకెళ్లమన్నాను: నాలుగు ఓలిగోలు, ఒక్కోదానికి రెండు బార్లు, ఒకటి నాక్‌డౌన్, ఒకటి గ్రోత్. దాని మీద ఒక్క వాక్యం కూడా రాయొద్దన్నాను. మాటలతో మొదలుపెడితే సంజాయిషీలా ఉంటుంది, బొమ్మ ముందు పెడితే ఇద్దరూ కలిసి చూసే డేటా అవుతుంది. ఆయన చాలాసేపు చూసి, పేపర్ వెనక్కి తీసుకుందాం అన్నారట. అది ఆయన పెద్దమనసు. అందరి దగ్గరా అలా జరుగుతుందని నేను చెప్పలేను, కాబట్టి దీన్ని సలహాగా ఇస్తున్నప్పుడు ఎదుటి మనిషెవరో కూడా చూసుకోవాలి.

ఆమెని ఆ రోజుల్లో నిలబెట్టిన మాట, ఎంఆర్‌ఎన్‌ఏ టీకాలకి దారి వేసిన శాస్త్రవేత్త కాటలిన్ కారికో కథ. ఎవరో చెప్పారు, ఆవిడ కూడా పట్టు వదల్లేదు, 2023లో నోబెల్ వచ్చింది కదా, నువ్వూ పట్టు వదలకు అని. నేను దానికి ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోను. కారికో, వైస్‌మన్ 2005 పనిలో కీలకం ఒక కంట్రోల్: ల్యాబ్‌లో తయారుచేసిన ఆర్‌ఎన్‌ఏ ఇమ్యూన్ సెల్స్‌ని రెచ్చగొడుతుంటే, సెల్స్ నుంచి తీసిన ట్రాన్స్‌ఫర్ ఆర్‌ఎన్‌ఏ రెచ్చగొట్టలేదు. ఎందుకని అడిగితే, దాంట్లో సహజంగానే మాడిఫైడ్ బేసులు ఎక్కువ. అక్కడినుంచి సూడోయూరిడిన్ అనే మాడిఫైడ్ బేస్‌కి వచ్చారు. వాళ్లు పట్టు వదలకపోవడం నిజం, కానీ ఏ దిక్కున పట్టు పట్టాలో కంట్రోల్ చెప్పింది. "నీ కంట్రోల్ కూడా నీకేదో చెప్పిందమ్మా, నువ్వు పట్టు పట్టాల్సింది ఆ జీన్ మీద కాదు" అన్నాను.

ఫీల్డ్ వదలాలా అన్న ప్రశ్నకి జవాబు అక్కడే దొరికింది. గ్యాప్‌లో ఒక మిథైల్ పెడితే ప్రొటీన్లు వదిలేస్తాయి సరే, ఆర్‌నేజ్ హెచ్1 కోత చోటు మారుతుందా, వేగం ఎంత మారుతుంది, ఏ స్థానంలో పెడితే ఏమవుతుంది? ఇది ఆమె పీహెచ్‌డీలో నేర్చుకున్న పనే. శుద్ధిచేసిన ఎంజైమ్, లేబుల్ చేసిన ఆర్‌ఎన్‌ఏ, జెల్. జంతువులు అక్కర్లేదు, పెద్ద డబ్బు అక్కర్లేదు. అక్కడా మొదటిసారి కుదరలేదు. మొదటి ప్రపోజల్‌లో మందు తయారీ, లివర్ టాక్సిసిటీ, ఎలుకలు అన్నీ పెట్టేసింది, తిరస్కరించారు. కమిటీల ముందు పెద్దగా కనిపించాలన్న ఆరాటం అర్థం చేసుకోదగ్గదే, కానీ ఆమె చేతిలో అప్పటికే ఉన్న బలం కైనెటిక్స్, ఆ కాగితంలో అది ఎక్కడో ఏడో పేజీలో ఉంది. రెండోసారి ఒకే ప్రశ్న, ఒకే ఎంజైమ్, గ్యాప్‌లోని పది స్థానాలు. అప్పటికే తీసిన జెల్ బొమ్మలు మొదటి పేజీలో. మంజూరైంది. పాత పేపర్ కూడా తలకిందులై, కంట్రోల్ కెమిస్ట్రీ గురించిన పేపర్‌గా, అనుకున్నదానికంటే చిన్న జర్నల్‌లో వచ్చింది.

ఇలాంటి పని మొదలుపెట్టేవాళ్లకి

ఇండెంట్‌లో సీక్వెన్స్‌తో పాటు ఇవి రాయండి: హెచ్‌పీఎల్‌సీ ప్యూరిటీ ఎంత ఉండాలి, పూర్తి మాస్ స్పెక్ట్రమ్ ఇవ్వాలి, ఏ లవణ రూపంలో కావాలి. టెక్నికల్ స్పెసిఫికేషన్‌లో ఇవి ఉంటే ఎల్1 వచ్చినవాడు కూడా ఇవన్నీ ఇవ్వాల్సిందే. మాస్‌లో ఒక్క అంకె చాలదు, పక్క పీకులే అసలు కథ చెబుతాయి. ప్రతి బ్యాచ్ నుంచీ కొంచెం విడిగా మైనస్ ఎనభై డిగ్రీల ఫ్రీజర్‌లో దాచండి, ఈ కేసులో మొదటి బ్యాచ్ అడుగున కొంచెం మిగిలి ఉండబట్టే పోల్చి చూడగలిగాం.

కంట్రోల్ దగ్గర డబ్బు ఆదా చేయాలని చూడకండి. ఎల్‌ఎన్‌ఏ ఉన్న గ్యాప్‌మర్‌కి ఎల్‌ఎన్‌ఏ ఉన్న కంట్రోలే కావాలి, అదీ ఒకటి కాదు, కనీసం రెండు, ఎందుకంటే ఒక స్క్రాంబుల్ తనకి తానే విషం కావచ్చు. ఒకే జీన్ మీద వేర్వేరు చోట్ల అతుక్కునే రెండు మూడు సీక్వెన్సులు ఒకే ఫలితం ఇస్తేనే జీన్ పేరు ఎత్తాలి. ఎస్ఐఆర్‌ఎన్‌ఏ (జీన్‌ని ఆపే రెండు పోగుల చిన్న ఆర్‌ఎన్‌ఏ) చేసేవాళ్లకీ, మాడిఫైడ్ ఎంఆర్‌ఎన్‌ఏ చేసేవాళ్లకీ ఇదే వర్తిస్తుంది. 2011లో కారికో వాళ్లే చూపించారు, సూడోయూరిడిన్ పెట్టిన ఎంఆర్‌ఎన్‌ఏలో కూడా రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏ కాస్త మిగిలితే అది ఇమ్యూన్ స్పందన తెప్పిస్తుందని, హెచ్‌పీఎల్‌సీతో తీసేస్తే తగ్గుతుందని. మాడిఫికేషన్ ఎంత మంచిదైనా పక్కన ఏం ఉందో చూడాల్సిందే.

ఆమె ఇప్పుడు ఇక్కడే, హైదరాబాద్‌లోనే, ఒక చిన్న గ్రూపు నడుపుతోంది. ఈ మధ్య అడిగిన ప్రశ్న: ఒరిజినల్, రెండో సీక్వెన్స్ రెండింటిలోనూ ఎల్‌ఎన్‌ఏ సంఖ్య ఒకటే, సల్ఫర్ సంఖ్య ఒకటే, మరి ఒకటి ప్రొటీన్లకి అంత గట్టిగా అంటుకుంటే రెండోది ఎందుకు అంటుకోదు? గ్యాప్ మొదట్లో ఉన్న మూడు బేసుల మీద ఆమెకి అనుమానం. రెండు సీక్వెన్సుల మధ్య ఆ మూడింటిని అటూ ఇటూ మార్చిన గ్యాప్‌మర్లు మా దగ్గర సింథసిస్‌కి పెట్టాం, ఈసారి అమిడైట్లు వర్షాలకి ముందే తెప్పించి ఉంచాం.